సగం గాయానికే మందు

బంగార్రాజు ఫోన్ చేసినప్పుడు డాక్టర్ హారతి చోడవరం పశువుల ఆసుపత్రి వెనకాల ఒక గేదెకి చూడి పరీక్ష చేస్తోంది. చెయ్యి భుజం దాకా లోపల ఉంది. జేబులో ఫోను ఆగకుండా మోగుతూంటే, గేదెని తోలుకొచ్చిన ముసలమ్మే దాన్ని బయటికి లాగి, ఎక్కడ నొక్కాలో అడిగి మరీ నొక్కి, ఆమె చెవికి ఆనించింది.

"డాక్టరమ్మ గారూ, నా గుర్రం కాలిపోనాదండి. బేగి రండి," అంది అవతలి గొంతు. ఊరిపేరు చెప్పి ఆగిపోయింది. ఆ మనిషి ఏడుస్తున్నాడని హారతికి కాసేపటికి గాని తెలియలేదు.

ఆ ఊరు గోవాడ దాటాక చెరుకుతోటల మధ్య ఉంది. ఫ్యాక్టరీకి చెరుకు మోసే ట్రాక్టర్లు ఎదురొస్తుంటే తప్పుకుంటూ, రోడ్డుమీద పడిన చెరుకుముక్కల మీద స్కూటీ జారకుండా చూసుకుంటూ వెళ్ళింది హారతి. దారంతా ఆమెకి ఒకటే దిగులు. గుర్రాల గురించి కాలేజీలో చదివింది గాని, ఉద్యోగంలో చేరాక చూసినవన్నీ గేదెలు, మేకలు, కోళ్ళు. ఈ చుట్టుపక్కల గుర్రాన్ని పెంచేవాళ్ళు బహు తక్కువ. ఆ కొద్దిమందీ తీర్థాలనే ఊరి జాతరల్లో జరిగే పరుగు పందేలకోసం, పదిమందిలో పేరుకోసం పెంచుతారు. బంగార్రాజు అలాంటివాడే. కొంచెం చెరుకు, కొంచెం వరి, ఒక ఆడగుర్రం అతని ఆస్తి. గుర్రం రంగు చూసి దానికి బెల్లం అని పేరు పెట్టుకున్నాడు.

హారతి వెళ్ళేసరికి బెల్లం కాలవగట్టున నీళ్ళలో కాళ్ళు పెట్టి నిలబడి ఉంది. బంగార్రాజు భార్య కనకమహాలక్ష్మి బిందెతో నీళ్ళు ముంచి దాని డొక్క మీద పోస్తోంది. ఎడమవైపు తుంటి దగ్గర్నుంచి పక్కటెముకల దాకా వెంట్రుకలన్నీ మాడిపోయి, చర్మం కమిలి, అక్కడక్కడ ఊడి వేలాడుతోంది. గాలిలో మాడిన జుట్టు వాసన. గుర్రం వణుకుతోంది గాని కదలటంలేదు. బంగార్రాజు పగ్గం పట్టుకుని, ముఖం మాత్రం చీడికాడ కొండలవైపు తిప్పుకుని నిలబడ్డాడు.

ఏం జరిగిందో కనకమహాలక్ష్మే చెప్పింది. "సెరుకు నరికి తోలేసేక ఆకు తగలెట్టేం అమ్మా. గాలి అటేపుకుంటే, మాయన దీన్ని ఇటేపు తాటిసెట్టుకి కట్టేడు. నిప్పెట్టేక గాలి తిరిగిపోనాది. ఇది తన్నుకుంటంది, పగ్గం తెగదు. నేనెళ్ళి కొడవలెట్టి కోసేసేను."

ఆమె చెయ్యి మోచేతి దగ్గర బొబ్బలెక్కి ఉంది. హారతి అది చూసి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళమంది.

"నాది నోరున్న చెయ్యి. ఎక్కడ నొప్పో సెప్పుకుంటాది. ముందు దాన్ని సూడు," అంది కనకమహాలక్ష్మి, మళ్ళీ బిందె ముంచుతూ.

ఆ రోజూ ఆ తర్వాత కొన్నాళ్ళూ చెయ్యవలసినవన్నీ హారతి చేసింది. నొప్పికి ఇంజెక్షన్లు, నరంలోకి సెలైన్లు, ధనుర్వాతం రాకుండా సూది, కాలిన చోట వెండి కలిసిన తెల్లటి క్రీము. ఈగలు వాలకుండా కనకమహాలక్ష్మి తన పాత నేతచీర చింపి, గుర్రం వీపు మీదనుంచి పొట్టకిందికి కట్టేలా నాడాలతో ఒక తొడుగు కుట్టింది. చూసినవాళ్ళు నవ్వారు గాని, ఆసుపత్రిలో ఉన్న ఏ బ్యాండేజీ కూడా అంత బాగా నిలవదని హారతికి తెలుసు.

గుర్రం బతికింది. మేత ముట్టింది. కాని గాయం మానలేదు. కాలిన తోలు నల్లగా గట్టిపడి, అట్టలు కట్టి, ఒక్కొక్క ముక్కే ఊడిపోయింది. కింద చేటంత పచ్చి పుండు మిగిలింది. రోజులు గడుస్తున్నా అది అలాగే తడితడిగా, పాలిపోయి, ఎటూ కదలకుండా ఉండిపోయింది.

"ఇది పందేనికి కాదు కదా, పెళ్ళి ఊరేగింపుకి కూడా పనికిరాదు," అని ఊళ్ళోవాళ్ళు బంగార్రాజుకి సలహాలివ్వడం మొదలుపెట్టారు. అతను మాత్రం ఎప్పట్లాగే మేత వేసేవాడు, నీళ్ళు పెట్టేవాడు, కుడివైపంతా మాలిష్ చేసేవాడు. ఎడమవైపుకి మాత్రం వచ్చేవాడు కాదు. కట్టు విప్పే వేళకి తల దగ్గర నిలబడి కొండలు చూసేవాడు.

అప్పుడే హారతికి కాలేజీలో విన్న సంగతి ఒకటి గుర్తొచ్చింది. కుంటుతున్న పందెపు గుర్రాలకి విదేశాల్లో వాటి రక్తమే తీసి, తిప్పి, అందులోని ప్లేట్‌లెట్లను చిక్కబరిచి, దెబ్బతిన్న చోట పెడతారని ఒక ప్రొఫెసర్ చెప్పాడు. గాయం తగిలిన చోటికి ముందు పరుగెత్తుకొచ్చేవి ప్లేట్‌లెట్లే. రక్తం గడ్డకట్టించడమే కాదు, కొత్త కండ పుట్టమని చుట్టుపక్కల కణాలకి కబురు పెట్టేది కూడా అవే. మరి కాలిన పుండు మీద పెడితే? హారతి దొరికినంత చదివింది. ఒకచోట గాడిదల మీద చేసి బాగా పనిచేసిందన్నారు. మరొకచోట గుర్రాల మీద చేసి తేడా ఏమీ లేదన్నారు. ఇంకొకచోట కాళ్ళమీది గాయాలకి పెట్టకపోవడమే మంచిదన్నారు. చదివినకొద్దీ ఆమెకి ఒకటి స్పష్టమైంది. ఈ సంగతి ఎవరికీ సరిగ్గా తెలియదు. అలా తెలియకపోవడమే ఆమెను పట్టి కూర్చోబెట్టింది. పుస్తకంలో జవాబున్న ప్రశ్నలే ఇన్నాళ్ళూ ఎదురయ్యాయి ఆమెకి. జవాబు లేని ప్రశ్న ఒకటి గోవాడ అవతల తాటిచెట్ల కింద నిలబడి జనుము నములుతోందంటే, ఆమెకి ఏదోలా ఉంది.

మర్నాడు వెళ్ళి మొగుడూ పెళ్ళాలిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది.

"దాని నెత్తురే దానికి మందా?" అంది కనకమహాలక్ష్మి. ఆమె చెయ్యి అప్పటికే మానుతోంది. గులాబిరంగు కొత్తతోలు మీద వేలితో రాసుకుంటూ అడిగింది.

"నెత్తురంతా కాదమ్మా. అందులో ప్లేట్‌లెట్లని ఉంటాయి…"

"డెంగీ వస్తే పడిపోతాయే, అవేనా?"

"అవే!"

"మా మేనల్లుడికి ఇరవై వేలకి పడిపోతే అనకాపల్లిలో జాయిన్ చేసేరు. మరి గుర్రానికీ ఉంటాయా ప్లేట్‌లెట్లు?"

"రక్తం ఉన్న పశువు ప్రతిదానికీ ఉంటాయి."

"కోడికీ?"

కోడికి ఉండేవి సరిగ్గా ప్లేట్‌లెట్లు కావు, ఆ పని చేసే వేరే కణాలు. అది చెబితే ఆ మధ్యాహ్నమంతా కోళ్ళమీదే గడిచిపోతుంది. "కోడి సంగతి తర్వాత చెప్తాను," అంది హారతి.

ఇక అసలు మాటకి వచ్చింది. గాయం మొత్తానికి కాకుండా కింద సగానికే ఈ మందు పెడతానంది. పై సగానికి మామూలు క్రీమే. పైన పెడితే కిందికి కారి రెండూ కలిసిపోతాయి. కింద పెట్టింది పైకి పాకదు.

బంగార్రాజు తలూపేశాడు. "మీకెలా తోస్తే అలా సెయ్యండి," అన్నాడు. కనకమహాలక్ష్మి ఊపలేదు.

"మరి పైసగం ఏటి పాపం సేసింది?"

ఈ ప్రశ్న వస్తుందని హారతికి తెలుసు. దారిలో రెండు మూడు జవాబులు కూడా తయారు చేసుకుంది. కాని ఆమె ముఖం చూశాక అవేవీ పనికిరావనిపించింది.

"పాపం ఏమీ చెయ్యలేదమ్మా. ఈ మందు పనిచేస్తుందో లేదో నాకు తెలీదు. మొత్తానికి పెట్టేస్తే, ఎప్పుడో ఒకప్పుడు పుండు మానుతుంది. మందువల్ల మానిందో, దానంతటదే మానిందో మనకెప్పటికీ తెలీదు. రేపు ఇంకో గుర్రం కాలితే నేనేం చెయ్యాలో కూడా తెలీదు."

కనకమహాలక్ష్మి గుర్రం దగ్గరికి వెళ్ళి దాని మెడ నిమిరింది. "సరే, కింద బాగుండి పైన పాడైతే పైనా పెట్టాలి. ఇంకా సూద్దాం ఇంకా సూద్దాం అనకూడదు."

"అనను," అంది హారతి.

రక్తం తియ్యడం సులువే. మెడ నరంలోంచి, మనుషులకి వాడే, గడ్డకట్టనివ్వని మందున్న రక్తపు సంచీలోకే పట్టింది. దాన్ని తిప్పడానికి మిషన్ కావాలి. పశువుల ఆసుపత్రిలో ఆ మిషన్ లేదు. చోడవరం బస్టాండు దగ్గర హరిబాబు అని రక్తపరీక్షల ల్యాబు పెట్టుకున్నతను ఉన్నాడు. హారతి అడగ్గానే అతను కంగారుపడ్డాడు.

"మనుషుల మిషన్ మేడమ్ ఇది. గుర్రం రక్తం తిప్పేనని తెలిస్తే నా షాపు గుమ్మం ఎవడు తొక్కుతాడు?"

"మధ్యాహ్నం ఎవరూ ఉండనప్పుడు వస్తాను. ట్యూబులు నావి. తర్వాత మిషన్ శుభ్రంగా తుడిచి ఇస్తాను."

హరిబాబు గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ట్యూబుల్లోకి రక్తం పోసి స్టాండులో పెట్టి, ఎదురుగా ఉన్న కొట్టునుంచి టీ తెప్పించాడు. టీ తాగి గ్లాసు కింద పెట్టబోతూ స్టాండువైపు చూసి అలాగే ఆగిపోయాడు.

"మేడమ్, ఇదేటి?"

మిషన్ ఎక్కకుండానే రక్తం విడిపోయింది. ఎరుపంతా అడుక్కి దిగి, పైన సగం దాకా తేటగా నిలిచింది. ఆ తేట మామిడిపండు రసంలా పచ్చగా ఉంది.

"మనుషుల రక్తం ఇలా దిగాలంటే పూటంతా పడుతుంది. పైగా ఆ పసుపు చూడండి. మేడమ్, మీ గుర్రానికి పచ్చకామెర్లు. ఇంకేం మందు పెడతారు దీనికి?"

హారతికి నవ్వొచ్చింది. "గుర్రం రక్తరసం అలాగే పచ్చగా ఉంటుంది హరిబాబూ. దాని ఎర్రకణాలు అప్పడాల కట్టలా ఒకదానిమీదొకటి పేర్చుకుంటాయి. అందుకే తొందరగా మునిగిపోతాయి. పుస్తకంలో చదివాను గాని చూడటం నేనూ ఇదే మొదటిసారి."

హరిబాబు ఒక చుక్క గాజుపలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. "నిజమే మేడమ్. కట్టలే. ఒక్కటీ విడిగా లేదు," అన్నాడు. ఆమెకి చోటిచ్చి, మళ్ళీ తనే చూసి, మళ్ళీ ఆమెకి చోటిచ్చాడు. ఆ తర్వాత మనుషుల మిషన్ అన్న మాట అతని నోటినుంచి రాలేదు.

మొదటిసారి చేసింది చెడింది. మనుషుల రక్తానికి రాసిన వేగంతో మిషన్ తిప్పితే, ప్లేట్‌లెట్లు కూడా ఎర్రకణాలతోపాటు అడుక్కి పోయి, పైన ఉత్త పసుపునీళ్ళు మిగిలాయి. మైక్రోస్కోపు కింద వెతికితే ఏమీ లేదు. గుర్రం నరానికి సూది గుచ్చి తెచ్చిన రక్తం అంతా సింకులో పొయ్యవలసి వచ్చింది. అది చూసి హారతికి సిగ్గేసింది. మళ్ళీ రక్తం కావాలని ఆ ఇంటికి వెళ్ళి తలొంచుకునే అడిగింది. కనకమహాలక్ష్మి మాత్రం, "మొదటట్టు పెనానికే అంటుకుంటాది. తీసుకో," అంది.

రెండోసారి ముందు మెల్లగా తిప్పారు. పైతేటని వేరే ట్యూబులోకి తీసి, దాన్ని గట్టిగా తిప్పారు. అడుగున గోరంత తెల్లటి మడ్డి పేరుకుంది. పైని పసుపునీళ్ళు చాలామట్టుకు తీసేసి, మిగిలినదాంట్లో ఆ మడ్డిని మెల్లగా కలిపారు. హరిబాబు చుక్క వేసి చూసి, "పుట్ట తవ్వితే చీమలొచ్చినట్టున్నాయి మేడమ్," అన్నాడు.

ఆ ట్యూబుని ఐసు డబ్బాలో పెట్టుకోబోతే, "చల్లబెడితే పాడవదా?" అని అడిగాడు. పాడవుతుందేమో అని ఆమెకీ అనుమానం వచ్చింది. ఇద్దరూ ఫోన్లలో వెతికారు. చల్లబెట్టకూడదనే తేలింది. హారతి ట్యూబుని శుభ్రమైన గుడ్డలో చుట్టి, చేతిసంచిలో పెట్టుకుని బయల్దేరింది.

తాటిచెట్టు నీడలో గాయం కడిగి, స్టీలు పళ్ళెంలో ఆ రసం పోసి, మెడికల్ షాపులో కొన్న కాల్షియం కొన్ని చుక్కలు కలిపింది. కాసేపట్లో అది గడ్డకట్టి, పళ్ళెం వంచితే తొణక్కుండా వణికింది.

"జున్ను!" అంది కనకమహాలక్ష్మి, ముఖం దగ్గరగా పెట్టి. "ఇదిగో, ఇటొచ్చి సూడు, నీ గుర్రం జున్నెట్టింది."

బంగార్రాజు తిరగలేదు. నవ్వినట్టు మాత్రం భుజాలు కదిలాయి.

ఆ జున్నుముక్కని గాయం కింద సగం మీద పరిచి, పైన అంటుకోకుండా వేజలీను పూసిన గుడ్డ వేసి, చీరతొడుగు కట్టారు. వారానికొకసారి అలాగే చేశారు. ప్రతిసారీ హారతి గాయం మీద సన్నటి ప్లాస్టిక్ కాగితం ఆనించి, మార్కరుతో అంచు గీసుకునేది. గీత లోపలికి జరుగుతోందా లేదా చూడటానికి.

రెండోవారం వెళ్ళేసరికి పశువులపాక ముందు బొప్పాయి ఆకులు గుట్టగా పడి ఉన్నాయి. బెల్లం వాటి వాసన చూసి మూతి తిప్పుకుంటోంది.

"ఏంటివి?" అంది హారతి.

బంగార్రాజు మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసి మాట్లాడాడు. "ప్లేట్‌లెట్లు పెరుగుతాయని డెంగీవోళ్ళకి బొప్పాయాకు రసం ఇస్తారు కదండి. దీనికీ పెడదామని తెచ్చేను. తింటంలేదు."

"వద్దు బంగార్రాజు గారూ. తింటే ఏది దేనివల్ల అయిందో నాకిక బొత్తిగా తెలీదు."

అతను ఆకులన్నీ ఎత్తి దిబ్బ మీద పారేశాడు. తన గుర్రానికి ఏదో ఒకటి తన చేత్తో చెయ్యాలని అతను వెతుక్కుంటున్నాడని హారతికి అప్పుడర్థమైంది.

మూడోసారి కట్టు విప్పినప్పుడు హారతి దగ్గరగా వంగి చూసింది. కింద సగం ఎర్రగా, గింజగింజగా, దానిమ్మకాయ పగిలినట్టు కొత్త కండతో నిండి ఉంది. పై సగం ఇంకా పాలిపోయి, అక్కడక్కడ చీము తెల్లగా అంటుకుని ఉంది. రెండింటి మధ్యా గీత గీసినట్టు తేడా. ఆమె ఫోటోలు తీసింది. వంగి తీసింది, పక్కనుంచి తీసింది. ఇంటికెళ్ళేలోపు అవి ఎవరెవరికి పంపాలో కూడా మనసులో అనేసుకుంది.

"కింద నవ్వుతంది, పైన ఏడుస్తంది," అంది కనకమహాలక్ష్మి. "ఇక పైనా ఎట్టెయ్ అమ్మా."

హారతి నోట మాట దానంతటదే వచ్చేసింది. "ఇంకొక్క వారం చూద్దామమ్మా. ఇంత బాగా తేడా కనిపిస్తున్నప్పుడు…"

కనకమహాలక్ష్మి కట్టు కట్టడానికి సాయం పట్టింది, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. ఎప్పుడూ వచ్చే టీ ఆ రోజు రాలేదు.

చోడవరం తిరిగివస్తూ హారతి తనని తాను సమాధానపరచుకోవడానికి చాలా చెప్పుకుంది. ఒక్క వారంలో గుర్రానికి ఏమవుతుంది? పైసగానికి మంచి మందే పడుతోంది కదా? కాని ఎంత చెప్పుకున్నా, 'అనను' అన్న తన మాటే అడ్డం వస్తోంది. ఆ పుండు తన చేతిమీద ఉంటే ఇంకో వారం చూద్దామనేదా? ఫోటోలు ఎవరికీ పంపలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి రక్తం తీసుకుంది. హరిబాబు దగ్గర ఎప్పటికంటే ఎక్కువే తయారుచేయించి, గాయం మొత్తానికి సరిపడేంత పట్టుకుని మధ్యాహ్నానికి మళ్ళీ వెళ్ళింది.

"వారమన్నావు?" అంది కనకమహాలక్ష్మి గుమ్మంలోనే.

"మాటిచ్చాను కదమ్మా. పెట్టేద్దాం."

కట్టు విప్పారు. పళ్ళెంలో జున్ను గడ్డకట్టింది. హారతి పై సగం మీద దాన్ని పరచబోతూ, గాయాన్ని ఈసారి ఫోటోకోసం కాక, వట్టి కళ్ళతో చూసింది. చూసి ఆగిపోయింది.

నిన్న ఆమె కళ్ళన్నీ ఎర్రటి కండమీదే ఉన్నాయి. అంచులు చూడలేదు. పై సగం అంచున, గోధుమరంగు తోలుకీ పుండుకీ మధ్య, ఉల్లిపొరంత సన్నటి లేత చర్మం చుట్టూ లోపలికి పాకుతోంది. కింద సగం కండ బాగా పెరిగింది. అందమైన కండే. కాని అది చుట్టూ ఉన్న చర్మం కంటే ఎత్తుగా పొంగింది. ఆ గట్టు ఎక్కలేక కొత్తచర్మం అంచు దగ్గరే ఆగిపోయింది. ఆమె సంచిలోంచి ప్లాస్టిక్ కాగితాలు తీసి ఒకదానిమీదొకటి పెట్టి ఎండలోకి ఎత్తి చూసింది. మొదట్లో కింద గీత వేగంగా లోపలికి జరిగింది, ఇప్పుడు నిలబడింది. పై గీత మొదట కదల్లేదు, ఇప్పుడు కదులుతోంది.

"ఏటైంది?" అంది కనకమహాలక్ష్మి.

హారతి కాగితాలు ఆమె చేతికిచ్చి చూపించింది. కండ ఎక్కువైనా కష్టమేనని, చర్మం దానిమీదికి పాకలేదని చెప్పింది. "నిన్న పెట్టనన్నందుకు సిగ్గుపడి ఇవాళ తెచ్చాను. ఇప్పుడు చూస్తే పెట్టకపోవడమే మంచిదేమో అనిపిస్తోంది. నిజం చెప్పాలంటే నాకు తెలీటంలేదమ్మా. మీరు పెట్టమంటే పెడతాను."

కనకమహాలక్ష్మి కాగితాలు తిప్పి తిప్పి చూసింది. తర్వాత గాయం దగ్గర ముఖం పెట్టి ఆ ఉల్లిపొరని చూసింది. తన మోచేతి మీది కొత్తతోలుని చూసుకుంది.

"మందు కింద కండని పిలిసింది గాని తోలుని పిలవలేదన్నమాట."

"అలాగే ఉంది."

"మరి పైన తోలు దానంతటదే వస్తంది."

"వస్తోంది."

"అయితే ఎట్టకు," అంది ఆమె. కాగితాలు తిరిగి ఇచ్చేస్తూ, "ఇప్పుడు నాకూ సూడాలనుంది. ఏది ముందు మూసుకుంటాదో," అంది.

పొంగిన కండని కోసెయ్యాలి. దానికి నరాలుండవు, నొప్పి తెలియదు, కాని నెత్తురు మాత్రం బాగా కారుతుంది. ఆ మాట హారతి చెప్పేసరికి బంగార్రాజు పగ్గాన్ని దగ్గరగా లాక్కున్నాడు.

"నొప్పెట్టదా? నిజంగా?"

"నిజంగా. మీరే చూడండి. కత్తి పెట్టినప్పుడు అది కదిలితే ఆపేస్తాను."

హారతి కత్తి పెట్టింది. బెల్లం చెవి కూడా కదపలేదు. జనుముపోచ ఒకటి నోట్లో తిప్పుకుంటూ నిలబడింది. బంగార్రాజు దాని ముఖంలోకి చూశాడు, దాని కళ్ళు చూశాడు, అప్పుడు మెల్లగా, పగ్గం వదలకుండానే, మెడమీదుగా వంగి ఎడమవైపు చూశాడు. కాలిన రోజు తర్వాత అతను ఆ గాయాన్ని చూడటం అదే మొదలు. నెత్తురు ధారకట్టి పొట్టకిందికి కారుతోంది. అతను రెండో చేత్తో తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి, హారతి చెప్పకుండానే, గాయం కింద అదిమిపట్టాడు.

"ఇంత పెద్దదా?" అన్నాడు. తువ్వాలు మడత మార్చి పట్టి, "నేనింకా పెద్దదనుకున్నాను," అన్నాడు.

ఆ రోజునుంచి కట్లు అతనే విప్పేవాడు.

గాయం పూర్తిగా మూసుకునేసరికి వానలు పడ్డాయి, వరినాట్లు కూడా అయిపోయాయి. పైదీ కిందదీ ఇంచుమించు ఒకేసారి మూసుకున్నాయి. కిందది ముందు పరుగెత్తి మధ్యలో ఆగింది, పైది ఆలస్యంగా లేచి ఆగకుండా నడిచింది. అనకాపల్లిలో పశువైద్యుల సమావేశం జరిగితే హారతి ఈ సంగతి చెప్పింది. "మందు మొదట్లో సాయపడినట్టుంది, తర్వాత పడలేదు, కండ పొంగకుండా చూసుకోవాలి. ఒక్క గుర్రాన్ని చూసి ఇంతకుమించి చెప్పలేను," అంది. వెనకవరసలోంచి ఒకాయన, "అంటే వాడాలా వద్దా?" అని అడిగాడు. "మళ్ళీ ఇలాంటి గుర్రం వస్తే మొదట్లో రెండుసార్లు పెట్టి ఆపేస్తాను. అప్పుడేమవుతుందో చూడాలని ఉంది," అంది హారతి. ఆయనకి ఆ జవాబు నచ్చినట్టు లేదు. హారతికి మాత్రం, తను ఆ ఏడాది చెప్పిన మాటలన్నిట్లోకీ అదే సరైన మాట అనిపించింది.

శివరాత్రి వెళ్ళాక చీడికాడవైపు ఒక ఊళ్ళో తీర్థం జరిగితే బంగార్రాజు బెల్లాన్ని పరుగుకి దింపాడు. హారతిని రమ్మని ముందురోజే ఫోన్ చేశాడు. బెల్లం గెలవలేదు. చాలా గుర్రాల వెనక, కొన్నిటి ముందు, తోక ఎత్తుకుని హాయిగా పరుగెత్తి వచ్చింది. బంగార్రాజు దాన్ని మెల్లగా నడిపిస్తూ చెమట ఆరబెడుతూంటే జనం చుట్టూ మూగారు. మచ్చ మీద కొత్తగా మొలిచిన వెంట్రుకలు తెల్లగా ఉన్నాయి. బెల్లంరంగు డొక్క మీద చేటంత తెల్లమచ్చ.

ఎవరో ఒకామె ఆ మచ్చ తాకి, "ఏ డాక్టరు సేసేడే? ఏం మందెట్టేరు?" అని అడిగింది.

కనకమహాలక్ష్మి కొంగు నడుముకి దోపుకుంది. "డెంగీకి పడిపోతాయే ప్లేట్‌లెట్లు, గుర్రానికీ ఉంటాయి. దాని నెత్తురే తీసి, మిషన్లో తిప్పి, జున్నులా గడ్డకట్టించి కింద సగానికి ఎట్టేం. పైన సగానికి ఎట్టలేదు."

"ఎందుకెట్టలేదు?"

"పనిసేస్తాదో లేదో తెలియాలి కదా మరి."

"పనిసేసిందా?"

"కొంచెం సేసింది, కొంచెం సెయ్యలేదు," అంది కనకమహాలక్ష్మి. అంతలో జనంలో ఉన్న హారతి కనిపించింది. "ఇదిగో డాక్టరమ్మే వచ్చింది. రా అమ్మా! పైనా కిందా ఎంట్రుకలు తెల్లగానే ఎందుకొచ్చేయో సెప్పు. ఇందాకట్నుంచి ఈళ్ళందరూ నన్ను పీకేస్తన్నారు."

హారతి గుర్రం దగ్గరికి వెళ్ళి, తెల్లవెంట్రుకల్లోకి వేళ్ళు పోనిచ్చి, వాటి మొదళ్ళు కనపడేలా విడదీసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా ఆమెతోపాటే తలలు వంచారు.